రాహేలమ్మ మోచేతి మచ్చ, మా చీకటి గది

నాచారంలో నా చర్మవ్యాధుల క్లినిక్ మూసేసి ఇంటిపట్టున కూర్చున్నా జనం నన్ను వదల్లేదు. కూరగాయల బండి దగ్గర ఒకావిడ చెయ్యి చాపుతుంది. మెట్రోలో ఒకాయన కాలరు పక్కకు లాగి మెడ చూపిస్తాడు. పెళ్ళి భోజనంలో పక్క కుర్చీ పెద్దమనిషి పప్పు కలుపుకుంటూనే "ఇదేందమ్మా, జర సూడు" అంటాడు. గుండె డాక్టర్లకు ఈ బాధ లేదు, ఎవరూ పంక్తిలో గుండె తీసి చూపించరు కదా.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా అనుభవాలు రాయమంటున్నారు. నాయనలారా, మీకు లేజర్లు వచ్చు, జుట్టు నాటడం వచ్చు, ఫోన్లో వీడియోలు చెయ్యడం వచ్చు. అవేవీ నాకు రావు. చర్మం మీద వింత మచ్చతో వచ్చిన మనిషిచేత తను వేయించుకున్న సూది సంగతి చెప్పించడం మాత్రం వచ్చు. అదే రాస్తాను.

ఎవరూ వేయించుకోని సూదులు

నేను తెనాలి వైపు నుంచి వచ్చినదాన్ని. ఉప్పల్, నాచారం చుట్టుపక్కల ప్రాక్టీసు మొదలుపెట్టాక నాకు తెలిసింది ఏమిటంటే, ఇక్కడ సూది వెయ్యని డాక్టరు డాక్టరే కాదు. మా తెనాలిలో మాత్రం వేరేగా ఉందా అంటే, లేదనుకోండి. జ్వరమొస్తే సూది, నడుం పడితే సూది, నీరసమైతే బలానికి సూది. మాత్రలు రాసిస్తే ముఖం చిన్నబుచ్చుకుని, "గంతేనా అమ్మా? సూది లేదా?" అని అడిగేవాళ్ళు. నేను లేదంటే ఎదురు వీధికి వెళ్ళి వేయించుకునేవాళ్ళు.

ఇంత అడిగి వేయించుకున్న సూది, తేడా కొట్టిన మర్నాటి నుంచి ఎవరూ వేయించుకోనిదైపోతుంది. సూదులవల్ల చర్మానికి ముప్పు రావడం అరుదు. లక్షణంగా వేసిన సూదికి కూడా ఎక్కడో ఒకరికి వస్తుంది. అలా వచ్చినప్పుడు మనకు చర్మం మీద మచ్చ కనిపిస్తుంది కానీ సూది కనిపించదు. మా ప్రొఫెసరు మమ్మల్ని వరండాలో నిలబెట్టి మరీ తిట్టేవారు: "సూది వేయించుకున్నావా అని అడుగుతావేమిటయ్యా? లేదంటాడు, అయిపోయింది. సూది ఎవరు వేశారని అడుగు." ఆయనకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. మమ్మల్ని మనుషుల్లో జమకట్టేవారు కాదు. కానీ ఆ ఒక్క మాట నాకు కూడు పెట్టింది.

నాచారం ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన తుంటి మీద ఊదారంగు మచ్చతో వచ్చాడు. చేపల వలలాగా కొమ్మలు కొమ్మలుగా పాకి ఉంది, మధ్యలో నల్లబడుతోంది. బండి మీద నుంచి పడ్డానన్నాడు. పక్కన భార్య తలొంచుకుని నిలబడింది. సూది ఎవరు వేశారని అడిగితే, "ఎవరూ ఎయ్యలేదు" అన్నాడు. తర్వాత భార్యే చెప్పింది, నొప్పుల సూది వేసింది ఆమె తమ్ముడు, వాళ్ళ గల్లీలో కాంపౌండరు. బామ్మర్దికి మాట రాకూడదని ఈయన బండిని అడ్డం పెట్టాడు. సూది మందు పొరపాటున చిన్న రక్తనాళం మీద దెబ్బ కొడితే ఆ మేర చర్మం చచ్చిపోతుంది, చాలా అరుదు. వేసిన క్షణంలోనే ప్రాణం పోయేంత నొప్పి పుడుతుంది. ఈయన ఆ నొప్పికి ఉప్పు మూటతో కాపడం పెట్టుకుంటూ ఇంట్లో కూర్చున్నాడు. చివరికి ఆపరేషను చేసి చచ్చిన చర్మం తీసేయాల్సి వచ్చింది. కోలుకున్నాడు. నాకు మాత్రం చాలాకాలం ఆ మనిషి మీద కోపం పోలేదు.

చీకటి గది

మా క్లినిక్ వెనక సామాను పెట్టుకునే చిన్న గది ఉండేది. కిటికీ లేదు. అందులో ఊదారంగు దీపం పెట్టాను. చీకట్లో ఆ దీపం కింద బొల్లి మచ్చ సున్నం కొట్టినట్టు తెల్లగా మెరుస్తుంది, కొన్నిరకాల తామర వేరే రంగులో కనిపిస్తుంది. దీపం పని అంతే. కానీ పేషెంట్లకు అది కడుపులోది కూడా చూస్తుందని నమ్మకం. నేను ఔనని ఎప్పుడూ అనలేదు, కాదని కూడా గట్టిగా అనలేదు.

ఒకసారి ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఒళ్ళంతా దద్దుర్లతో వచ్చాడు. చేసుకోబోయే అమ్మాయి తోడు వచ్చింది. ఆమె ముందు రొయ్యలు పడలేదన్నాడు. చీకటి గదిలో దీపం వెయ్యగానే, "మేడం, దీంట్ల అన్నీ కనపడతయా?" అన్నాడు. నేను దీపం కాస్త దగ్గరికి జరిపాను. "పెండ్లికి గ్లో వస్తదంటే తెల్లగయ్యే సూదులు ఏయించుకున్న మేడం. ఆమెకు చెప్పకుండ్రి" అన్నాడు. గ్లో ఐతే వచ్చింది, ఎర్రగా వచ్చింది. బయటికొచ్చాక రొయ్యల మాట మీదే నిలబడ్డాడు, నేనూ నిలబడనిచ్చాను.

చీకట్లో మనిషి ముఖం ఎవరికీ కనబడదు, ఇంటివాళ్ళెవరూ పక్కన ఉండరు. అందుకే మాట వస్తుంది. మీరు ఎంత పెద్ద ఆసుపత్రిలో చేరినా సరే, పేషెంటుతో ఒంటరిగా కూర్చునే చోటు ఒకటి చూసుకోండి.

రాహేలమ్మ

ఇప్పుడు అసలు కథ. పేరు మార్చాను. మార్చొద్దని ఆవిడ నాతో పోట్లాడింది, అయినా మార్చాను.

రాహేలమ్మ జనగామ వైపు మనిషి. భర్త పోయాక హబ్సిగూడలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా కుదురుకుంది. కోచింగులకు వచ్చిన పిల్లలందరికీ చపాతీలు, పప్పు, కూర అన్నీ ఆవిడ చేతిమీదే. ఉండేది కూడా వంటగది వెనక గదిలోనే. ఆ హాస్టల్ నడిపే కరుణ మేడం, రాహేలమ్మ ఇద్దరూ నాచారంలో ఒకే చర్చికి వెళతారు.

ఒకరోజు ఇద్దరూ కలిసి వచ్చారు. మేడం కుర్చీలో కూర్చుంది. రాహేలమ్మ నిలబడే ఉంది.

"కూర్చో అమ్మా" అన్నాను.

"నిలబడ్త తియ్ డాక్టరమ్మా. నా రోగమేందో తెల్వదు గద" అంది.

కుడి మోచెయ్యి బయటివైపు తెల్లమచ్చ, అక్కడి నుంచి జబ్బ వైపు పాకిన సన్నటి తెల్లచార. చపాతీ పిండి కలుపుతుండగా ఒక పిల్ల తల్లి అది చూసింది. పెద్దరోగం, అంటే కుష్టు, అని మిగతా తల్లులకు ఫోన్లు చేసింది. మేడం చెడ్డమనిషి కాదు. కానీ నాలుగు వైపుల నుంచీ ఫోన్లు వస్తుంటే భయపడి, రాహేలమ్మను వంటగదిలోకి రావద్దంది. గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టింది. అన్నం వేరే ప్లేటులో పంపిస్తోంది. ఆ ప్లేటు మాట రాహేలమ్మ రెండుసార్లు చెప్పింది. వంటగది పోతే వెనక గది పోతుంది, ఆవిడకు వేరే ఇల్లు లేదు.

"కొత్త వంటాయన వచ్చిండు మేడం, ఉప్పు తప్ప ఏమీ ఏస్తలేడు" అని మేడం తన బాధ తను చెప్పుకుంది.

నేను రాహేలమ్మను కళ్ళు మూసుకోమని దూదిపోగుతో మచ్చ మీద తాకించాను. తాకిన ప్రతిసారీ "ఈడ, ఈడ" అని సరిగ్గా చెప్పింది. మోచేతి లోపలి నరం తడిమాను, మామూలుగానే ఉంది. కుష్టు కాదు. ఇక మచ్చ మీద చర్మం పల్చబడి లోపలికి గుంటపడింది, నా బొటనవేలు పట్టేంత. సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తున్నాయి. ఇది ఎక్కడిదో నాకు అర్థమైపోయింది. మోచేతి నొప్పికి స్టెరాయిడ్ సూది వేస్తారు. లోపల ఉండాల్సిన మందు కొంచెం పైచర్మం దాకా వస్తే, ఎవరో కొందరికి కొన్ని వారాలకు అక్కడ రంగు పోయి, కింది కొవ్వు కరిగి గుంట పడుతుంది. ఆ తెల్లచార పాకడం మరీ అరుదు.

ప్రొఫెసరు గారిని తలుచుకుని అడిగాను. "ఈ మోచేతికి సూది ఎవరు వేశారమ్మా?"

రాహేలమ్మ మేడం వైపు చూసింది. "నాకు వైద్యుడు నా ప్రభువే డాక్టరమ్మా" అంది.

"సూది గీది ఏం లేదు మేడం" అంది కరుణ మేడం. "చెయ్యి లేవకపోతుండె ఈమెకు. మా చర్చి అయ్యగారు ప్రార్థన చేసిన్రు, పోయింది. ప్రభువు బాగుచేసిండని ఈమె లేచి సాక్ష్యం చెప్తుంటే చర్చంతా ఏడ్చింది. నా కర్చీఫ్ పిండితే నీళ్ళు కారినయి. ఇప్పుడు ఎవరికి మోచెయ్యి నొచ్చినా ప్రార్థనకు ఈమెనే పిలుస్తున్నరు."

"ఓహో" అన్నాను. "ఒకసారి దీపం కింద చూడాలి. మీరు ఇక్కడే ఉండండి మేడం, గది చిన్నది."

చీకటి గదిలో దీపం వేశాను. మచ్చ పాలిపోయి కనిపించింది, బొల్లిలా మెరవలేదు. కాసేపటికి ఆవిడే మొదలుపెట్టింది.

"డాక్టరమ్మా, తలుపు మంచిగ పెట్టినవా?"

"పెట్టాను."

"శనివారం నాడు కూరగాయలకని చెప్పి ఉప్పల్ పోయిన. ఆడ బొక్కల డాక్టరు, ఎముకలాయన, సూది ఏసిండు. తెల్లారి ఆదివారం అయ్యగారు ప్రార్థన చేసిన్రు. బుధవారానికి నొప్పి లేదు. పైవారం సాక్ష్యానికి లేచి నిలబడ్డ. సూది మాట గూడ చెప్దామనే లేచిన, నిజంగ. మాట్లాడుతుంటే అందరు ఏడ్వబట్టిరి. నా జన్మల ఎవలన్న నా మాట గంత చెవిపెట్టి విన్నరా? సూది మాట నోట్లనే మింగేసిన."

"ప్రభువు సూదితో నయం చెయ్యకూడదా ఏమిటి?"

"చెయ్యొచ్చు. ఆయనకేం అడ్డం లేదు. నేను చెప్పలేదు గదా, గదే నా కష్టం."

నేను నవ్వు ఆపుకోలేదు. చీకట్లోనే ఆవిడ కూడా ముక్కు చీది నవ్వింది. ఆ మచ్చ సూది మందు వల్లే వచ్చిందని, అంటుకోదని, నెలలు పట్టినా మెల్లగా రంగు తిరిగి వస్తుందని, డాక్టరు వేసిన సూదిలో తప్పేమీ ఉండకపోవచ్చని వివరంగా చెప్పాను. ఇలా జరగొచ్చని వేసేముందే ఆయన ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. మీరు మాత్రం చెప్పండి, పిల్లలూ. సూది వేసేంత టైము ఉన్నవాళ్ళకు ఆ మాట చెప్పే టైము ఉంటుంది.

"బయటికెళ్ళి ఇది సూది మచ్చ అని నేనంటే నీ వంటగది నీకు వచ్చేస్తుంది" అన్నాను.

"అనకు డాక్టరమ్మా. మేడం నన్ను మళ్ళ నమ్మదు."

"వద్దంటే అనను. మరి గేటు దగ్గరే కూర్చుంటావా?"

ఆవిడ మచ్చ మీదికి కొంగు లాక్కుని తలుపు తీసింది.

బయటికొచ్చాక మేడంతో, "పెద్దరోగం కాదు, బొల్లి కాదు, ఎవరికీ అంటుకోదు. నిక్షేపంగా వండనివ్వండి" అన్నాను.

"మరి ఏంది మేడం?"

"ఆమెనే అడగండి."

"ఏందో తెల్వదంటే తల్లులు ఊకుంటరా? అదీ కాదు, ఇదీ కాదు అంటే ఇంకా భయపడ్తరు."

న్యాయమైన ప్రశ్నే. నాలుక చివర జవాబు పెట్టుకుని నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నాబోటి వాగుడుకాయకు అది సూది పోటు కంటే పెద్ద శిక్ష. పేషెంటు చెప్పొద్దన్న మాట పేషెంటుదే. దాన్ని ఎంత మంచి పనికైనా మనం వాడుకోకూడదు.

రాహేలమ్మ కొంగు సర్దుకుని, "ఆదివారం దాక ఆగు మేడం, నేనే చెప్త" అంది. గుమ్మం దగ్గర నా వైపు తిరిగి, "నువ్వు గూడ రావాలె" అంది.

ఆదివారం

ఆ చర్చి టైర్ల షాపు మీది హాలు. నేను ఆఖరి వరుసలో కూర్చున్నాను. పక్కావిడ నా తలమీద కొంగు కప్పి, చేతిలో పాటల పుస్తకం పెట్టింది. నేను పాడాను కూడా. రెండో చరణంలో ఆవిడ పుస్తకం మెల్లగా వెనక్కి తీసుకుంది.

అయ్యగారు పెద్దవయసు మనిషి, మెత్తగా మాట్లాడతారు. ప్రార్థన చివర "డాక్టర్లను, మందులను గూడ దీవించు తండ్రీ" అన్నారు. అందరూ అలవాటుగా ఆమెన్ అన్నారు. ఆ మాట శ్రద్ధగా విన్నది బహుశా నేనొక్కదాన్నే.

సాక్ష్యాల వేళ రాహేలమ్మ లేచింది. కొంగు నడుముకు బిగించింది.

"అందరికి వందనాలు. నేను అప్పుడు చెప్పిన సాక్ష్యం సగమే" అంది. "ప్రార్థన ముందటి రోజు ఉప్పల్ పోయి బొక్కల డాక్టరు తాన సూది ఏయించుకున్న. సూది తగ్గిచ్చిందో ప్రార్థన తగ్గిచ్చిందో నాకు ఎరుక లేదు, ప్రభువుకు ఎరుక. మీరు ఏడుస్తుంటే మంచిగనిపిచ్చి సూది మాట మింగిన. గా మందుకే ఈ మచ్చ వచ్చింది. పెద్దరోగం కాదు. డాక్టరమ్మ ఎనకనే కూసున్నది, అడుగుండ్రి." చెయ్యి పైకెత్తి అందరికీ కనబడేలా తిప్పింది. "నన్ను మోచేతుల ప్రార్థనకు ఇగ పిలవకపోయినా సరే."

ముందు వరుసలోంచి కరుణ మేడం లేచింది.

"కూరగాయలకు పోయిన అన్నవు గదనే ఆనాడు" అంది.

"కూరగాయలు గూడ తెచ్చిన మేడం" అంది రాహేలమ్మ బెదురుగా. "వంకాయలు."

ముందు ఎవరు నవ్వారో తెలియదు, కాసేపటికి అయ్యగారు కూడా నవ్వారు. నవ్వి, కళ్ళజోడు తుడుచుకుని, "ఆమెన్" అన్నారు.

ఆరాధన అయ్యాక ప్రేమవిందు, అంటే అందరూ కలిసి తినే భోజనం, ఉంది. కరుణ మేడం అన్నం గరిటె తీసుకుని రాహేలమ్మ చేతిలో పెట్టింది. "ఆ చెయ్యితోనే పెట్టు, అందరు చూడాలె" అని, మొదటి ప్లేటు తనే పట్టింది. రాహేలమ్మ ఎంత వడ్డించిందంటే అన్నం ప్లేటు దాటి కింద పడింది. ఇద్దరూ ఏడుస్తున్నారు. కర్చీఫ్ సంగతి నేను చూడలేదు. నాది నేను వెతుక్కుంటున్నాను.

మెట్లు దిగుతుంటే అయ్యగారు వెనకాలే వచ్చారు. అటూ ఇటూ చూసి, "డాక్టరమ్మగారు, రాహేలమ్మ చెప్పిన మీ చీకటి గది రేపు ఖాళీ ఉంటదా?" అన్నారు.

వచ్చారు. స్విచ్చి వేస్తే దీపం వెలగలేదు, బల్బు పోయింది. ఆయనకు ఆ సంగతి తెలియదు, నేనూ చెప్పలేదు. షుగరుకు చాలాకాలంగా ఇన్సులిన్ పొడుచుకుంటున్నారట, సంఘంలో ఎవరికీ తెలియకుండా, ఎప్పుడూ పొట్ట మీద ఒకే చోట. అక్కడ చర్మం గడ్డకట్టి, మందు సరిగా ఒంటికి పట్టడం లేదు. "షుగరు తగ్గాలని ప్రార్థనకొచ్చేటోళ్ళు అధైర్యపడతరేమో అని దాచిన. రాహేలమ్మ నాకంటే గట్టిది" అన్నారు. చోటు మార్చి మార్చి పొడుచుకోమని చెప్పి పంపాను. ఇది రాయమన్నది కూడా ఆయనే, తర్వాతి ఆదివారం ఆయన తన సంగతి తనే చెప్పేశారు.

ఆఖరి విజిట్

నేను క్లినిక్ మూసే ముందు రాహేలమ్మ మళ్ళీ వచ్చింది. చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది. డబ్బాలో నాకు చపాతీలు తెచ్చింది. ముఖం మాత్రం దిగాలుగా ఉంది. హాస్టల్లో మళ్ళీ ఏమైనా అయిందేమోనని నాకు భయం వేసింది.

"మచ్చ పోతున్నదమ్మా" అంది.

చూశాను. గుంట పూడింది. అంచుల నుంచి రంగు వచ్చేసింది, చార ఎక్కడుందో వెతకాలి. "మంచిదే కదా" అన్నాను.

"ఏం మంచిది? సూది ఏయించుకొని దాస్తున్నోళ్ళు చర్చిల మస్తుమంది ఉన్నరు. గీ మచ్చ చూపిచ్చి, దాస్తే ఏమైతదో నా కథ చెప్తున్న. అప్పుడు నోరిప్పుతున్నరు. మచ్చ పోయినంక నా మాట ఎవలు నమ్ముతరు? జర ఉండేటట్టు మందియ్యి."

నా ప్రాక్టీసు మొత్తంలో మచ్చ పోకుండా మందిమ్మని అడిగిన మనిషి ఆవిడొక్కతే.

"అలాంటి మందు లేదు రాహేలమ్మా" అన్నాను. "ఇక మచ్చ లేకుండానే నిజం చెప్పాలి."

ఆవిడ మోచెయ్యి తడుముకుంది.

"గదే కష్టం గదమ్మా" అంది.